కాకి పగబట్టిన డ్రైవింగు మాస్టారు

మా వీధి చివర డ్రైవింగు స్కూలు నడిపే ఆయనను అందరూ బ్రేకు మాస్టారు అంటారు. నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీటు దగ్గర కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది కదా, నేర్చుకునేవాళ్ళకు తప్పు చేయాలన్న ఆలోచనైనా రాకముందే ఆయన దాన్ని తొక్కేస్తారు. "ధైర్యం కావాలండీ, ధైర్యం! స్టీరింగు పట్టుకున్నవాళ్ళు బెదరకూడదు" అని పాఠం చెబుతూనే తొక్కుతారు. అలా ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని, ఆయన పొట్ట సీటు బెల్టుతో పోట్లాటకు దిగింది. పొద్దున్నే పరుగెత్తమన్నాడు డాక్టరు.

ఎర్ర బూట్లు కొన్న మొదటి వారమే మాస్టారు వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకూ ఊపిరి ఎలా పీల్చాలో నేర్పారు. అప్పటిదాకా ఎలా బతికామా అని మాకే ఆశ్చర్యమేసింది.

ఒకరోజు పార్కు గోడ పక్కనున్న పెద్ద చెట్టు కింద, ఆయన బట్టతల మీద ఎవరో ఠపీమని మొట్టినట్టయింది. వెనక్కి తిరిగి, నడకకు వచ్చిన కిరాణా కొట్టాయన మీద ఒంటికాలి మీద లేచారు.

"నేను కాదండీ బాబూ, అదుగో!" అని ఆయన పైకి చూపించాడు.

కొమ్మ మీద కాకి. దాని పక్కన గూడు, గూట్లో పిల్లలు. మాస్టారు పుల్ల తీసి విసిరారు. అది కాకికి తగల్లేదు గానీ, కాకి ఆయన ముఖాన్ని బాగా గుర్తుపెట్టుకుంది.

ఆ మర్నాటి నుంచి చెట్టు కింద ఎంతమంది తిరిగినా దానికి పట్టేది కాదు. మాస్టారు మలుపు తిరిగితే చాలు, ఆ కాకీ దాని జోడూ రెండూ కలిసి నెత్తి మీదికి దిగేవి.

"వెనక వీధిలోంచి వెళ్ళొచ్చుగా?" అంది భార్య, ఆయన నెత్తికి మందు రాస్తూ.

"కాకికి భయపడి దారి మార్చుకోవాలా? నేనెవరనుకున్నావే?"

"మీరెవరో నాకు తెలుసు. దానికీ తెలిసినట్టే ఉంది."

మాస్టారు హెల్మెట్టు పెట్టుకుంటే కాకి మెడ వెతుక్కుంది. గొడుగు పట్టుకున్నారు. మబ్బు తునక లేని ఆకాశం కింద గొడుగేసుకుని పరుగెత్తే మనిషిని చూడటానికి పై అంతస్తులవాళ్ళు బాల్కనీల్లో కుర్చీలు వేసుకున్నారు. కూతురు ఆయన టోపీ వెనక ఇంతింత కళ్ళున్న ముఖం బొమ్మ గీసిచ్చి, "నువ్వు చూస్తున్నావనుకుని వెనక నుంచి రాదు నాన్నా" అంది. నిజమే, రాలేదు. ముందు నుంచి వచ్చింది.

విషయం కాలనీ సంఘం దాకా వెళ్ళింది. కాకి ప్రవర్తనను తీవ్రంగా ఖండిస్తూ సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు. చెట్టెక్కే ప్రస్తావన రాగానే అధ్యక్షుడికి మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చింది. "అయినా మమ్మల్నేం చెయ్యట్లేదే! లోపం మీలోనే ఉందేమో చూసుకోండి" అన్నాడు కార్యదర్శి, టీ చప్పరిస్తూ.

ఆ రోజుల్లోనే మందుల షాపావిడ ఆయన దగ్గర కారు నేర్చుకుంటోంది. ఎదురుగా సైకిలు వచ్చినా కళ్ళు మూసుకునే రకం. బ్రేకు ఎప్పుడూ మాస్టారే తొక్కేవారు కాబట్టి ఆవిడ కాలికి ఆ పని పడలేదు. ఒకరోజు రోడ్డు తవ్వేసి ఉండటంతో కారు పార్కు వైపు తిప్పాల్సి వచ్చింది. అద్దాలు దించి ఉన్నాయి.

కాకి లోపలున్న ముఖాన్ని ఇట్టే పోల్చుకుంది. కిటికీ దగ్గరికి దూసుకొచ్చి "కావ్!" మంది. మాస్టారు "అమ్మో!" అంటూ కాళ్ళు సీటు మీదికి లాక్కుని, తల మోకాళ్ళ మధ్య దాచుకున్నారు. ఆ పొట్టతో ఆయన అంత వంగగలరని డాక్టరు కూడా అనుకుని ఉండడు.

"మాస్టారూ, బ్రేకు! ఎదురుగా వ్యాను!"

మాస్టారు తల ఇంకాస్త లోపలికి దూర్చుకున్నారు.

ఆవిడ ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఎవరో ఒకరు చూడాలిగా! వేగం తగ్గించి వ్యానుకు దారిచ్చింది. మలుపు తిరిగి, తన షాపు ముందు కారును పద్ధతిగా పక్కకు తీసి ఆపింది.

"లేవండి మాస్టారూ, వెళ్ళిపోయింది."

మాస్టారు లేచి చొక్కా సర్దుకున్నారు. "నేను బ్రేకెందుకు తొక్కలేదో అర్థమైందా?"

"బాగా అర్థమైందండీ. రేపు కూడా అటే వెళ్దాం. మీరు అలాగే ముడుచుకుని కూర్చోండి."

ఆవిడకు మొదటిసారికే లైసెన్సు వచ్చింది. ఇక షాపుకొచ్చిన ప్రతివాళ్ళకూ దగ్గు మందుతో పాటు ఈ కథ కూడా ఇచ్చి పంపేది. ఊళ్ళో ఉన్న పిరికివాళ్ళంతా స్కూలుకు వచ్చి, తమనూ కాకి చెట్టు వైపే తీసుకెళ్ళమని పట్టుబట్టారు.

ఈలోగా గూట్లోని పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. కాకికి మాస్టారితో పని తీరిపోయింది. ఆయన టోపీ తీసేసి మరీ చెట్టు కింద అటూ ఇటూ పరుగెత్తి చూశారు. అది ఈకలు సర్దుకుంటూ అటు తిరిగి కూర్చుంది. ఆయనకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

మొన్న కొత్తగా చేరిన టైలరు కారెక్కుతూనే అటూ ఇటూ చూసి అడిగాడు: "కాకి ఏదండీ?"

"సెలవులో ఉంది" అన్నారు మాస్టారు గంభీరంగా. "అది వచ్చేదాకా నేనే చెబుతాను."