సేటుకు చికెన్ పడదు

పిసినారిని పిల్లికి కూడా బిచ్చం పెట్టనివాడు అంటారు. మా ఎల్లేశ్‌ను ఆ మాట అనడానికి లేదు. జనగామలో బచ్చన్నపేట రోడ్డు మీద చికెన్ సెంటర్ నడిపే ఈ పెద్దమనిషి పిల్లికి తప్ప ఇంకెవరికీ ఏదీ ఊరికే పెట్టడు. ఆయన పక్క షట్టర్‌లోనే సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్న నాకు దసరాకు కూడా ఒక కోడికాలు చేతిలో పెట్టిన పాపాన పోలేదు. పిల్లికి మాత్రం పొద్దున షట్టర్ లేవగానే కార్జం, మధ్యాహ్నం కందనకాయ, సాయంత్రం మెత్తటి రొమ్ముముక్క.

ఒక వానాకాలం మోరీలో కొట్టుకుపోతుంటే ఎల్లేశే చేయిపెట్టి పైకి తీశాడు దాన్ని. అప్పుడు అరచేతిలో పట్టేది. ఆ తిండికి ఏడాదిలో గుమ్మడికాయంత అయింది. కౌంటర్ మీద, కాంటా పక్కన, కళ్లు సగం మూసుకుని కూర్చునేది. చెమటలు కక్కుతూ ముక్కలు కొట్టే ఎల్లేశ్‌నూ, కదలకుండా కూర్చున్న దాన్నీ చూసి ఎవరో, "దుకాణం నీదా, గీ సేటుదా?" అన్నారు. ఆ పేరు పిల్లికే ఉండిపోయింది. దుకాణం యజమాని మాత్రం అందరికీ ఉత్త ఎల్లేశే.

ఎల్లేశ్‌ది బచ్చన్నపేట దగ్గర ఒక మెట్ట ఊరు. పత్తి వేసి వేసి విసిగిపోయి, భార్య యాకమ్మను తీసుకుని జనగామకు వచ్చి, ఎవరి దగ్గరో కోళ్లు కోసి, చివరికి తనదే ఒక దుకాణం పెట్టాడు. అన్నం పెట్టిన వృత్తి కాబట్టి దాన్ని వైద్యం స్థాయికి తీసుకుపోయాడు. జ్వరం వచ్చి లేచినవాడికి కాళ్ల సూపు. కాలు విరిగినవాడికి అదే కాళ్ల సూపు. పళ్లు లేని ముసలవ్వకు కీమా. బక్కపిల్లలకు పూటకో గుడ్డు. "మనాది పట్టుకున్నదా? జర కారంగ ఫ్రై కొట్టు, దిగుతది," అని భార్యతో తగువుపడి వచ్చిన వాళ్లకు కూడా మందు చెప్పేవాడు. డాక్టర్లకు లేని ధైర్యం ఆయనకు ఉండేది, ఎందుకంటే రోగం ఏదైనా మందు ఆయన దగ్గర ఒకటే.

అలాంటివాడి కౌంటర్ మీద, నిరుడు ఎండాకాలం, సేటు గోక్కోవడం మొదలుపెట్టింది.

ముందు చెవుల వెనక. తర్వాత మెడ చుట్టూ. వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి, పుండ్లు పడ్డాయి. తిన్నది అప్పుడప్పుడు కక్కేది. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. రోడ్డంతా దగ్గింది, పిల్లి గోక్కోవడం మానలేదు. ఎవరో చెబితే వేపనూనె పూశారు. అది నాకి నురగలు కక్కింది. ఎల్లేశ్ తన వైద్యం తాను చేశాడు. పాపం నీరసపడిందని కార్జం రెండింతలు చేశాడు. సేటు రెండింతలు గోక్కుంది.

కాంటా పక్కన పుండ్లతో కూర్చున్న పిల్లిని చూసి ఎవరికైనా ఆ చికెన్ తినబుద్ధి అవుతుందా? "పిల్లికే గిట్లయితే మన గతేంది," అని గొణిగి, జనం ఇంకో చికెన్ సెంటర్ దారి పట్టారు. బేరాలు తగ్గడం యాకమ్మ కంటే ముందు ఎవరికి తెలుస్తుంది? ఆమె పుట్టిల్లు కురవి. పిల్లిని సంచిలో వేసి అక్కడ వదిలేసి వస్తానంది. చంపితే కాశీలో బంగారు పిల్లిని దానం చేయాలట, అందుకని వదిలేయడం వరకే ఆమె దయ.

"దుకాణమన్న ఉండాలె, పిల్లన్న ఉండాలె. రెండిట్ల ఏది కావాల్నో నువ్వే జెప్పు," అంది.

ఎల్లేశ్‌కు పిల్లలు లేరు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తడు, మేమూ ఎత్తం. ఆ రోజు మాత్రం నా దుకాణంలోకి వచ్చి, "సేటును సంచిల ఏస్తే నేను బతుకనే," అన్నాడు. ఊరందరికీ మందు చెప్పే మనిషి నోట ఆ మాట విని నాకు జాలేసింది. ఇద్దరం కలిసి సేటును పశువుల దవాఖానకు తీసుకుపోయాం. దేంట్లో తీసుకుపోయామంటే, కోళ్ల గంపలో. అంతకంటే మంచి బండి ఎల్లేశ్ దుకాణంలో లేదు.

అక్కడి డాక్టరమ్మ పేరు శైలజ. దీపం పెట్టి పేన్లు వెతికింది, చర్మం గీకి చూసింది, ఏమీ దొరకలేదు. "ఏం తింటుంది?" అని అడిగింది.

"అచ్చం చికెన్ మేడం. ఫస్ట్ క్లాస్ చికెన్," అన్నాడు ఎల్లేశ్ గర్వంగా.

"అయితే దీనికి చికెన్ పడట్లేదనుకుంటా."

ఎల్లేశ్ ముఖం మాడిపోయింది. "చిన్నప్పటి నుంచి గదే తింటున్నది మేడం. ఇప్పుడెట్ల పడదు?"

"రోజూ తినేదే కొన్నాళ్లకు పడకుండా పోతుంది," అంది ఆమె. సంసారం చేసే ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. ఎల్లేశ్‌కు మాత్రం కొత్తగా ఉంది.

ఆమె పద్ధతి చెప్పింది. రెండు నెలలు చికెన్ బంద్. ఇంతవరకు అది రుచి చూడని మాంసం ఏదైనా ఒక్కటే పెట్టాలి. మేకమాంసం అయితే ఉప్పూ కారం ఉల్లిగడ్డా లేకుండా ఉడికించి, తానిచ్చే పొడి కలపాలి. పాలు లేవు, బిస్కెట్లు లేవు. అలా పెడితే గోకుడు తగ్గుతుందో లేదో చూసి, అసలు దోషం తిండిదేనా అని తేల్చాలి.

మేకమాంసం అనగానే ఎల్లేశ్‌కు జైసింగ్ గుర్తొచ్చాడు. జైసింగ్‌ది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. మాకు ఎదురుగా మటన్ దుకాణం నడుపుతాడు. మటన్ తింటే గుండె ఆగుతుందని ఎల్లేశ్, బాయిలర్ తింటే ఒళ్లు గాలితో ఉబ్బుతుందని జైసింగ్, రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి జనానికి చెబుతూ ఉంటారు. అలాంటి దుకాణానికి ఎల్లేశ్ తలకు తువ్వాల చుట్టుకుని పోయి, నల్ల కవర్లో పావుకిలో కట్టించుకునేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తననెవరూ చూడలేదనే అనుకునేవాడు. జైసింగ్ ఊరుకుంటాడా?

"ఏం ఎల్లేశన్న, మటన్ మీద పడ్డవ్?" అని రోడ్డంతా వినబడేలా అడిగాడు.

"ఇంటికి సుట్టమొచ్చిండు."

"రోజు పావుకిలో తినే సుట్టమెవలన్న?"

ఇంత పరువు పోగొట్టుకున్నా సేటుకు నయం కాలేదు. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ గోక్కునేది. నెల తర్వాత మళ్లీ గంప ఎత్తుకున్నాం.

"చికెన్ ఏమైనా పెట్టారా?" అడిగింది డాక్టరమ్మ.

"మా యాకమ్మ మీద ఒట్టు మేడం. ఒక్క ముక్క ముట్టనియ్యలే."

"గుడ్డు? పాలు?"

"ఉహూ."

ఆమె ఆలోచనలో పడింది. మాంసం మార్చి చూద్దామా అంటోంది. ఆమె దిగులు చూడలేక ఎల్లేశ్ ధైర్యం చెప్పాడు. "నీరసం గిట్ల ఏం లేదు మేడం. బలానికని రోజు ఇంత నాటుకోడి సూపు తాపిస్తున్న."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "నాటుకోడా?"

"అవును మేడం. భూపాలపల్లి దిక్కు మా చెల్లె ఉంటది. బస్సుల ఏసి పంపుతది. అడవిల తిరిగిన కోడి."

"చికెన్ వద్దని చెప్పాను కదా!"

"చికెన్ పెట్టలేదు మేడం. కోడి పెట్టిన."

"రెండూ ఒకటే కదండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దవాఖానలో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. బర్రెను పట్టుకుని నిలబడ్డ ముసలాయన, "ఒకటెట్లయితయి మేడం? చికెనంటే బాయిలరు," అన్నాడు. మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక అవ్వ, "బాలింతకు చికెన్ పెడ్తమా ఏంది బిడ్డ? కోడి పెడ్తం గని," అని బుద్ధి చెప్పింది. నేనూ తల ఊపాను. ఎందుకు ఊపనూ? మా దగ్గర చికెన్ అంటే కాంటాలో తూచేది. కోడి అంటే వాకిట్లో తిరిగేది, చుట్టాలొస్తే కోసేది, రోగం వస్తే మందుకు పనికొచ్చేది. ఎల్లేశ్ కూడా ఊరందరికీ చికెన్ అమ్మి ఇంట్లో కోడి వండించుకుంటాడు. ఆ రెండూ ఒకటే అని మాలో పుట్టిన వాడెవడూ అనడు.

డాక్టరమ్మ మా అందరి మధ్యా ఒంటరిదైపోయింది. నుదురు పట్టుకుని, నెమ్మదిగా చెప్పింది. "ఆ తేడా మీకు తెలుసు. పిల్లి ఒంటికి తెలియదు. బాయిలర్ వద్దు, నాటుకోడి వద్దు, సూపు వద్దు, గుడ్డు వద్దు. రెక్కలున్నది ఏదీ వద్దు. ముందు దాన్ని ఆ గంపలోంచి తీయండి."

లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి చికెన్ దుకాణంలో ఉంటే తోలుముక్కో నెత్తుటిచుక్కో నాకుతుందని, సేటును నా దుకాణంలో పెట్టారు. నన్ను ఎవరూ అడగలేదు. అది విప్పిన ఫోన్ల మీద పడుకునేది. బాగుచేసిన ఫోన్లలో దాని వెంట్రుకలు దొరికాయని గిరాకీలు నన్ను తిట్టారు. సంగతి తెలిసిన జైసింగ్ మాత్రం ఎగతాళి మాని, కొవ్వులేని ముక్క తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. "సుట్టానికి మెత్తటిది ఇస్తున్ననే," అనేవాడు. నెలన్నర దాటేసరికి పుండ్లు మాని, మెడ మీద మెత్తటి బొచ్చు వచ్చింది. ఎల్లేశ్ రోజుకు పదిసార్లు వచ్చి దాని మెడ తడిమి పోయేవాడు.

నడుమ ఒకసారి ఆయన చెప్పుకు అంటుకొచ్చిన తోలుముక్కను సేటు నోట పట్టింది. వారమంతా మెడ చీరుకుంది. ఇక అనుమానానికి తావు లేకపోయింది.

పిల్లి ఇలా కోలుకుంటుంటే దుకాణం మంచాన పడింది. ఎల్లేశ్ చికెన్ పిల్లికే పడలేదట అనే మాట మంగలి దుకాణంలో పుట్టి, బస్టాండు చేరేసరికి ఎల్లేశ్ చికెన్ తిని పిల్లి చచ్చిందట అయింది. ఆదివారం పూట కూడా ఎల్లేశ్ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. షట్టర్ కిరాయి కట్టే దారి కూడా కనబడలేదు. అప్పుడు యాకమ్మ ఉపాయం చెప్పింది.

"పిల్లి మంచిగనే అయింది గద. వచ్చే ఆదివారం మంది ముందట కౌంటర్ మీద కూసోబెట్టి ఒక్క కార్జం ముక్క తినిపియ్యి. అందరి నోళ్లు మూతపడ్తయి. ఒక్క ముక్కకు సస్తదా? నాల్గొద్దులు గోక్కుంటది, అంతే. లేకుంటే దుకాణం మూసి మల్ల పత్తి ఏరవోదాం పా."

అందులో తప్పు పట్టడానికి ఏముంది? నేను కూడా కానిమ్మన్నాను. దుకాణం పోతే ఎల్లేశ్ మళ్లీ ఏ వయసులో నిలబెడతాడు?

ఆదివారం జనం వచ్చారు. కొనడానికి కాదు, చూడటానికి. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి పట్టుకున్నారు. జైసింగ్ కూడా కత్తి పక్కన పెట్టి రోడ్డు దాటి వచ్చాడు. యాకమ్మ సేటును తెచ్చి కౌంటర్ మీద కూర్చోబెట్టింది. ఎన్నాళ్లకో పాత గద్దె ఎక్కిన సేటు ముక్కెగరేసి వాసన చూసి, ఆకలిగా అరిచింది. ఎల్లేశ్ కార్జం ముక్క చేతిలోకి తీసుకున్నాడు. సేటు ముందుకాలు ఎత్తి, నోరు తెరిచింది. ఆ చేయి పెట్టింది ఏదీ అది ఇంతవరకు కాదనలేదు.

ఎల్లేశ్ చేయి ఆగిపోయింది. ముక్కను తీసి దూరంగా పళ్లెంలో వేశాడు.

"నేను పెట్ట," అన్నాడు. "నా చికెన్ మంచిదే. పొద్దుగాల కోసిందే. గని దీనికి చికెన్ పడదు. ఇది గోక్కుంటుంటే సూసుడు నాకు పడదు. కొనేటోళ్లు కొనుండ్రి, పోయేటోళ్లు పోండ్రి."

ఫోన్లు పట్టుకున్నవాళ్లు పోయారు. వాళ్ల వెనక చాలామంది పోయారు. యాకమ్మ ఇప్పుడు తిడుతుందని నేను చూస్తూ ఉన్నాను. ఆమె సేటును ఎత్తుకుని, కౌంటర్ తడి అంటిన దాని కాళ్లను కొంగుతో ఒక్కొక్కటే తుడిచి, నా దుకాణంలో దించి తలుపు దగ్గరికి వేసింది.

కౌంటర్ దగ్గర ఉమ అనే ఆమె మాత్రం మిగిలింది. రోజూ గుడ్లు కొంటుంది. పక్కన ఆమె బిడ్డ, బడికి పోయే వయసు. ఉమ కవర్లో గుడ్లు పెట్టుకుని కూడా కదలకుండా నిలబడింది.

"అన్న, మా పిల్ల గుడ్డు తిన్నప్పుడల్ల దద్దుర్లు లేస్తయి," అంది. "ఒంటికి పట్టేటప్పుడు గట్లనే ఉంటదనుకున్న. బక్కగున్నదని నువ్వే జెప్పినవ్ గద, పూటకొకటి పెట్టుమని."

ఎల్లేశ్ వంగి ఆ పిల్ల చేయి పట్టుకుని, అంగీ పైకి జరిపి చూశాడు. మోచేతి మడతలో గోళ్ల గీతలు, ఎర్రగా. ఆ రంగు ఆయనకు కొత్త కాదు. ఉమ చేతిలోంచి కవర్ తీసుకుని గుడ్లన్నీ మళ్లీ ట్రేలో పెట్టేశాడు.

"పెట్టకు చెల్లె. ముందుగాల పిల్లల డాక్టరుకు సూపెట్టు."

ఆ పిల్ల ఆయన ముఖం చూసి, తల్లి ముఖం చూసి, మెల్లగా అడిగింది. "అమ్మ, ఇగ నేను గుడ్డు తినకుంటే కొట్టవు గదా?"