తూకం వేశానని చెప్పాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు బ్రెమెన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. వేసవిలో ఒక సరస్సు ఒడ్డున పార్ట్‌టైం పని. అక్కడ నీటి మీద నుంచి లేచే చిన్న విమానం ఉండేది, పైలట్ కాక ముగ్గురు పడతారు. ఎక్కేవాళ్ళను తూకం మిషన్ మీద నిలబెట్టి, బరువులు కాగితం మీద రాసి పైలట్‌కు ఇవ్వాలి. అదే నా పని.

ఆ రోజు మా సీనియర్ శ్రావణి అక్క తన అత్తమామలతో కలిసి విమానం ఎక్కడానికి వచ్చింది. మిషన్ చూడగానే ఆంటీ నవ్వింది.

"అందరి ముంగట ఆడోళ్ళ బరువు చూస్తవా పిల్లా? అరవై రాస్కో. మీ అంకుల్‌ది డెబ్బై. ఆయన పొట్ట లెక్కవెట్టకు."

"ఆంటీ, ఒక్కసారి..."

అక్క కళ్ళతోనే వద్దంది. పెద్దవాళ్ళు, పైగా మనవాళ్ళు. చెప్పినట్టే రాశాను. ఇద్దరివీ కలిపి ముప్పై కిలోలైనా తక్కువ రాస్తున్నానని నాకు తెలుసు.

పైలట్ కాగితం చూశాడు. వాళ్ళను చూశాడు. "తూకం వేశావా?" అని జర్మన్‌లో అడిగాడు.

"యా," అన్నాను.

గాలి లేని రోజు నీళ్ళు విమానాన్ని త్వరగా వదలవు. సరస్సు మధ్యలో గుర్తుగా తేలే ఎర్ర బోయా దాటేలోపు లేవకపోతే ఇంజన్ తగ్గించి ఆగిపోవాలి. ఆ నియమం నాకు చెప్పింది ఆయనే. ఆ రోజు బోయా దాటినా ఆయన ఆగలేదు. నా కాగితాన్ని నమ్మి, ఇంకో క్షణంలో లేస్తుందనుకున్నాడా? అవతలి ఒడ్డున రెల్లు తగిలి విమానం తిరగబడింది. అందరూ బతికారు. ఆంటీ చెయ్యి విరిగింది.

"విమానం బరువుగా అనిపించింది," అన్నాడాయన విచారణలో. ఎవరూ నమ్మలేదు. కాగితం చూపించారు. నన్నూ అడిగారు. తూకం వేశానని మళ్ళీ చెప్పాను. అప్పుడాయన నా వైపు చూశాడు. తర్వాత ఎప్పుడూ విమానం నడపలేదు.

ఆ చూపుకు అర్థమేమిటి? ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు మనిషిని చూసి బరువు అంచనా వేయలేడా? తెలిసే నన్ను కాపాడాడా? ఆ ఆలోచన నాకు హాయిగా ఉంటుంది, కాబట్టే దాన్ని నమ్మను. ఉగాదికి ఆంటీ వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపుతుంది. నేను ఎవరికైనా చెప్పానేమోనని కనిపెడుతోందా? అక్క ఫోన్లో అన్నీ మాట్లాడుతుంది, ఆ రోజు గురించి తప్ప. మేం ముగ్గురం ఒకరినొకరు కాపలా కాస్తున్నామా?

సిగ్గు వల్ల అలా చేశానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. మొదటి అబద్ధానికి సిగ్గు కారణం కావచ్చు. రెండోదానికి కాదు. విచారణ మరుసటి వారమే నా వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది.

బోయా దగ్గర ఆయన ఆగాల్సింది, నిజమే. ఆ నిజం వెనకే ఇన్నేళ్ళూ దాక్కున్నాను. ఆ రోజు డైరీలో కూడా "ఎండ బాగా కాసింది" అని మాత్రమే రాసుకున్నాను. ఇవాళ ఆ పేజీ తీసి దాని కింద రాశాను: నేను తూకం వేయలేదు. వేశానని రెండుసార్లు చెప్పాను.

రాసింది మళ్ళీ చదువుకున్నాను. కానీ కొట్టేయలేదు.