రెండు దిక్కులకూ ఒకే కొలత

అహేరిలో పరీక్ష పేపర్లు దిద్ది సిరోంచకు వస్తుంటే సగం దారిలో మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సు మొరాయించింది. జనమంతా దిగి నీడకు పోయారు. నేను సీట్లోనే ఉండిపోయి, ఏమీ తోచక, నా థీసిస్‌లోని అన్నిటికంటే చిన్న ఉదాహరణను ఒక పాత కవరు వెనక వేసి చూశాను. ఆరేళ్ళలో దాన్ని ఒక్కసారీ వేసి చూడలేదు. అంత చిన్నదానికి కూడా కూర్చోవాలా అనుకునేదాన్ని.

పగలు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, మిగిలిన ఓపికతో గణితంలో పిహెచ్‌డీ చేస్తున్నాను. ఒక ఉపరితలం మీద ఉండగల షీఫ్‌లు అనే వస్తువులన్నిటికీ కలిపి ఒక పటం గీయడం నా పని. ఒక్కో వస్తువుకు ఒక్కో చుక్క. ఆ పటాన్ని మాడ్యులై స్పేస్ అంటారు. అన్నిటినీ రానిస్తే పటం పాడవుతుంది. అందుకని ఒక కొలత పెట్టి, నిలకడ ఉన్నవాటినే తీసుకుంటాం. వస్తువు లోపలి ముక్క ఏదైనా తన వాటా కంటే తక్కువే తూగాలి, సమానంగా తూగినా చిక్కే. నా పటం ఎక్కడా మడత లేకుండా నున్నగా ఉంటుందని నేను రుజువు చేశాను.

నా ఉపరితలానికి రెండు దిక్కులు. కొలతలో రెంటికీ సమానంగా ఒకటి, ఒకటి వేశాను. లెక్క తేలికవుతుందని ఈ పని చేసేవాళ్ళమంతా మొదట అదే వేస్తాం, మా గైడ్ సర్ కూడా. కవరు మీద సరిగ్గా ఆ కొలతకే రెండు ముక్కలు సరిసమానంగా తూగాయి. అవి కలిసిన చోట పటం నున్నగా లేదు. ఒక దిక్కును కాస్త పెంచితే ఈ చిక్కు పోతుంది, కానీ మిగిలిన రుజువంతా ఆ సమానం మీదే నడిచింది. మళ్ళీ వేశాను. మూడోసారి వేసేసరికి బస్సు కదిలింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి సర్‌కు ఫోన్ చేసి తప్పు సంగతి చెప్పాను. థీసిస్ ఇవ్వడానికి నెలాఖరుకు గడువు, ఇక పొడిగింపు లేదు, దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

"పరీక్షకులు ఆ పేజీ దాకా రారమ్మా. నేను సంతకం కూడా పెట్టేశాను. ఇక నీ ఇష్టం" అన్నారు సర్.

"పంపలేను సర్" అన్నాను. ఇందులో గొప్పతనమేమీ లేదు. ఆ పేజీని వెంటేసుకుని బతికే ఓపిక లేదు, అంతే.

అమ్మ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కూలికి పోయి నన్ను చదివించింది ఆమే. లెక్క అర్థం కాకపోయినా మాటలన్నీ విన్నది.

"తప్పని ఎవలు పట్టిండ్రు బిడ్డా?"

"ఎవలు పట్టలేదమ్మా. నేనే చూసిన."

"మరి నువ్వు చెప్పకపోతే ఏమైతుండె?"

"ఏం కాకపోతుండె. డాక్టరేట్ వస్తుండె."

అప్పటిదాకా రాని ఏడుపు, ఆ మాట నా నోటితో అన్నాక వచ్చింది.