ఒకే కొలతలో మిగిలిన తీగలు

“...అయితే నువ్వు తెరిచింది వీధి తలుపేరా, బీరువా కాదు.”

“నేను అబద్ధం చెప్పలేదక్కా. కంప్యూటర్ మన చేతికొస్తుందన్నాను. వచ్చిందిగా?”

“వచ్చింది. ఏం చేసుకోను, హారతివ్వనా?”

ఎంబ్రాయిడరీ దుకాణం వెనకగదిలో అక్కాతమ్ముళ్ల మాటలివి. వీధిలో అందరూ ఆమెను దారాలక్క అంటారు. పదహారో ఏట సూది పట్టింది. నలభై దాటాక గాని కుట్టు మెషీను కొనలేకపోయింది. మెషీనుతో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ వచ్చింది. తల్లి గళ్ల కాగితాల మీద పెన్సిలుతో గీసిన పూలతీగలన్నిటినీ అందులో ఆకు తర్వాత ఆకుగా మళ్లీ గీసింది. రెండేళ్లు పట్టింది. అప్పటికే చెదలు తినేస్తున్న కాగితాలను తన చేత్తోనే పొయ్యిలో పెట్టింది. “ఇందులో భద్రంగా ఉన్నాయమ్మా” అంటే తల్లి తలూపింది. మరుసటేడు పోయింది.

తమ్ముడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఐదేళ్ల కిందట దుకాణం కంప్యూటర్లో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాడు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఏ కంపెనీ గుమ్మంలోనూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు అన్నాడు. అన్నట్టే ఒక్కరోజు మొరాయించలేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ మాత్రం అందులో నడవదు. అందుకని పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలన ఉంచారు. తీగ పెద్దది చేయాలన్నా చిన్నది చేయాలన్నా అదే దిక్కు.

పోయిన వారం అది తమ్ముడు కూడా బాగుచేయలేనంతగా చచ్చిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఇంకో కంప్యూటర్లో ఎక్కిద్దామంటే కంపెనీ అనుమతి నంబరు ఇవ్వాలి. ఇవ్వడానికి కంపెనీ లేదు, మూతపడి ఏడాదయింది. తీగల ఫైళ్లన్నీ ఉన్నాయి. తెరిచేవాళ్లు లేరు. ఇక మిగిలినవి మెషీనుకిచ్చే కుట్టు ఫైళ్లు. సూది ఎక్కడ దిగాలో వాటికి తెలుసు, అది ఆకో కాడో తెలియదు.

తలుపు తెరల ఆర్డరు ఒకటి ఉంది. తీగ రెండింతలు కావాలన్నారు. తమ్ముడు కుట్టు ఫైలునే సాగదీసి మెషీనుకిచ్చాడు. ఆమె గుడ్డ తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఆకు పళ్లూడిన దువ్వెనలా ఉంది. కుట్లు పెరగలేదు, ఎడం పెరిగింది; పోగుకీ పోగుకీ మధ్య గుడ్డ కనిపిస్తోంది.

“కొత్తగా గీద్దామక్కా. ఈసారి ఎవరూ మూసెయ్యలేని ఫైల్లో గీద్దాం.”

“అమ్మ చెయ్యి నీకొచ్చా, నాకొచ్చా?”

అతను ఐదేళ్ల కిందటే, పాత ల్యాప్‌టాప్ బతికుండగానే, తీగలన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లో గీసిపెట్టుకోమని బతిమాలాడు. ‘నడుస్తున్నదాన్ని కెలకడమెందుకురా’ అన్నది ఆమే. ఇప్పుడతను ఆ మాట ఎత్తడం లేదు. ఎత్తితే బాగుండు, తిరిగి నాలుగు అనడానికి ఉండేది అనిపించిందామెకు.

చిన్న కత్తెరతో ఆకు అంచున ఒక పోగు తెంపింది. రెండోది తెంపబోయి ఆగింది. గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“నన్ను చేయమంటావా ఫోను? తెరలవాళ్లకి ఇంకో నాలుగు రోజులు గడువడుగుతాను” అన్నాడు తమ్ముడు.

“నేనే చేస్తాను. ఆ ఆర్డరు వద్దు. అడిగిన కొలతకల్లా సాగదీసి ఇలా పాడుచెయ్యలేను. అమ్మ తీగలు ఇక బయటివాళ్లకి కుట్టను.”