కొలువులో పడుకోబెట్టిన సిపాయి

మా వారు ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, చాప పరుచుకుని మట్టి సిపాయిలకు మీసాలు దిద్దేవారు. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గుగా ఉండేది. పాలవాడు పిలిచినా, పక్కింటావిడ అగ్గిపెట్టె కోసం వచ్చినా ముందు ఆ గది తలుపు దగ్గరగా వేసి, తర్వాత పలికేదాన్ని. అంత మగవాడు బొమ్మలాడుకుంటున్నాడని ఎవరితో చెప్పుకుంటాం?

మేము ఏలూరు నుంచి ఉద్యోగం కోసం వచ్చి చిక్కడపల్లిలో కింది వాటాలో ఉండేవాళ్ళం. పైన ఇంటివాళ్ళు. రిటైరైన పెద్దాయన, ఆయన భార్య. ఆమెను నేను అక్కా అనేదాన్ని. తరతరాలుగా వాళ్ళది ఈ ఊరే.

సిపాయిలు వేలెడంత ఉండేవారు. బంకమట్టిలో దూది కలిపి, నీడన ఆరబెట్టి, నారాయణగూడలో కొన్న రంగులు వేసేవారు. కళ్ళకు కుంచె పనికిరాదని చీపురు పుల్ల మొనతో పెట్టేవారు. ఏ కాలంలో ఎలాంటి తలపాగా, ఎలాంటి డాలు అని అశోక్‌నగర్ గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేసి వచ్చేవారు. కాకతీయుల వాళ్ళకొక డబ్బా, గోల్కొండ వాళ్ళకొకటి, తెల్లదొరల ఎర్రకోటు సిపాయిలకు ఇంకొకటి. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. చరిత్రంతా నాకు ఆ డబ్బాలు తుడుస్తుంటేనే తెలిసింది.

ఆదివారం యుద్ధం. ఎదుటి పక్షం పెద్దాయనది, గోల్కొండ సైన్యం ఎప్పుడూ ఆయనదే. సుద్దముక్కతో నేల మీద కోట గీసి, నది గీసి, ఇద్దరూ బోర్లా పడుకుని ఒక కన్ను మూసి గురి చూసుకునేవారు. గవ్వలు విసిరితే ఎన్ని వెల్లకిలా పడితే అవతల అంతమంది చచ్చినట్టు. చచ్చినవాణ్ణి తీసెయ్యకూడదు, ఉన్నచోటే పడుకోబెట్టాలి.

"సార్, మీ ఎర్రకోటోడు సచ్చిండు. పండవెట్టుండ్రి."

"ఇంకా కొన ఊపిరితో ఉన్నాడండీ!"

"ఊపిరి లేదు గీపిరి లేదు. పండవెట్టు!"

ఆ ఏడాది ఊళ్ళో గొడవలు మొదలయ్యాయి. మీరు ఎక్కడివాళ్ళు, మేము ఎక్కడివాళ్ళం అనే మాట ప్రతి వీధిలోనూ వినిపించింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఆదివారాలు ఆగిపోయాయి. పెద్దాయన "జర దుమ్ము దులిపి ఇస్త" అని గోల్కొండ డబ్బా పైకి తీసుకుపోయారు. మళ్ళీ ఇవ్వలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. ఆ ఆట లేకపోతే మా రెండిళ్ళకూ మాటే మిగలదని నాకు అప్పుడు తెలిసింది. మా వారు వేసిన మీసమే తుడిచి మళ్ళీ వేస్తూ కూర్చునేవారు.

దసరా వచ్చింది. మాకు బొమ్మల కొలువు ఆనవాయితీ. ఆ ఏడు బొమ్మల పెట్టె ఏలూరులోనే ఉండిపోయింది. చెక్క పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ, ఇంకో రెండు మూడు బొమ్మలు పెడితే కొలువు మెట్లు బోసిగా కనిపించాయి.

"మావాళ్ళని పెట్టరాదూ? నిలబడ్డమేగా వాళ్ళ ఉద్యోగం" అన్నారు మా వారు.

పెట్టాను. పేరంటానికి గాంధీనగర్ నుంచి మా పెద్దత్తగారు, అంటే మా వారి తల్లికి అక్క, వచ్చారు. పైనుంచి అక్క బతుకమ్మకు తెచ్చుకున్న తంగేడు పూలలో కొన్ని పళ్ళెంలో పెట్టుకుని దిగింది. ఆమె వెనకే పెద్దాయన. ఆడవాళ్ళ పేరంటమని గుమ్మంలో ఆగారు గానీ, మెట్ల మీద సైన్యాన్ని చూడగానే ఆ ముఖం వెలిగిపోయింది.

"ఆహా! ఫౌజంతా దించినవ్ గద సార్!" అంటూ లోపలికొచ్చి, ఒక ఎర్రకోటు వాణ్ణి వేలితో తోసి పడుకోబెట్టారు. "గోల్కొండ తోపు పేలింది. సచ్చిండు!"

మళ్ళీ ఆడదామని ఆయన అడుగుతున్నారని నాకు అర్థమైంది. వంటింటి గుమ్మంలో ఉన్న మా వారికీ అర్థమైంది, నవ్వబోయారు.

మా కొలువులో బొమ్మను పడుకోబెట్టేది ఆఖరి రోజున. పడుకోబెడితే కొలువు ముగిసిందని. పెద్దత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్యో, అయ్యో! మొదటి రోజే పడుకోబెట్టేశాడే! వీళ్ళకి కొలువంటే ఏం తెలుసు?"

వీళ్ళకి. ఆ ఏడాది ఆ మాట మామూలు మాట కాదు. అక్క పూల పళ్ళెం చప్పుడు కాకుండా కింద పెట్టేసింది.

"తప్పయింది తల్లీ, నాకు ఎరుక లేదు" అని పెద్దాయన సిపాయిని నిలబెట్టబోయారు. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ పడింది. అందరం చూస్తున్నాం. చివరికి పెళ్ళికొడుకు బొమ్మకు ఆనించి, తలవంచుకుని పైకి వెళ్ళిపోయారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. వచ్చినవాళ్ళకు శనగలు ఎలాగో పంచాను.

మర్నాడు అక్క గోల్కొండ డబ్బా తెచ్చింది.

"మా ఆయన ఇచ్చిండు. మెట్లు ఖాళీగున్నయట. ఇవి పడయి, ఫికర్ చేయొద్దని చెప్పమన్నడు."

తీసి చూస్తే ప్రతి సిపాయి కాళ్ళ కింద ఒక చొక్కా గుండీ, లక్కతో అతికించి ఉంది. ఎంత తోసినా పడవు. మా వారు ఒక్కటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బయటికి వెళ్ళిపోయారు. పెద్దాయన తిట్టినా మాకు అంత సిగ్గు వేసేది కాదు.

ఆఖరి రోజు, విజయదశమి సాయంత్రం మా వారు జమ్మి ఆకు పట్టుకుని పైకి వెళ్ళారు. ఆకు బంగారమని చేతిలో పెట్టి పెద్దలకు దణ్ణం పెట్టే అలవాటు ఆయనకు నేర్పింది పెద్దాయనే. దణ్ణం పెట్టి, "కొలువు ముగించాలి. బొమ్మను పడుకోబెట్టేది ఈసారి మీరే" అన్నారట.

ఆ రోజూ వచ్చిన పెద్దత్తగారు ఊరుకుంటారా? "అది ఇంటి ఆడది చెయ్యాల్సిన పని" అన్నారు.

"పడుకోబెట్టడం ఆయనకొచ్చినట్టు మనకెవరికీ రాదు అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ మూతి తిప్పుకున్నారు.

పెద్దాయన వచ్చారు. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. భుజాన ఉతికిన కండువా. గుమ్మం బయటే నిలబడి, "లోపటికి రావచ్చునా?" అని అడిగారు. ఆయన ఇల్లు అది.

మెట్లన్నీ చూసి మా సిపాయిల జోలికి పోలేదు. తన గోల్కొండ వాడినే ఒకణ్ణి తీసి, గుండీ పైకి కనిపించేలా మెల్లగా పడుకోబెట్టారు.

"నావోడు పోయిండు సార్. ఇగ గవ్వలు మీయి."

నేను గవ్వలు తెచ్చి చాప పరిచాను. ఆట సాగింది. మా వారు కావాలని తప్పులు చేశారు, ఆయన అవి చూడనట్టు ఊరుకున్నారు. కానీ ఆ రోజు పెద్దాయన బోర్లా పడుకోలేదు. చాప అంచున కాళ్ళు ముడుచుకుని, కండువా సర్దుకుంటూ, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలా కూర్చుని ఆడారు.