ఒక పోటు దాకా ఆగే బైరాగి

గంగలో దించిన అమ్మవారు ఆ బొమ్మలోంచి ఏ క్షణాన వెళ్లిపోతుంది? ఇరవై ఏళ్లు దాటింది, ఈ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది. పుస్తకాల్లో వెతికాను. తెలిసినవాళ్లు అనుకున్నవాళ్లని అడిగాను. జవాబులు చాలానే దొరికాయి గానీ, బైరాగి ఎదురుగా కూర్చుని ధైర్యంగా చెప్పగలిగింది ఒక్కటీ లేదు.

బైరాగి మున్సిపాలిటీ చెత్త గ్యాంగు మనిషి. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె అతనిది. పదిహేడో ఏట మేనమామ వెంట హౌరాలో రైలు దిగాడు. మేనమామ పోయాక ఆ పని ఇతనికి వచ్చింది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక్క గదిలో భార్య అప్పాయమ్మతో కాపురం. ఏడాది పొడుగునా కాలవలూ చెత్తకుప్పలే. దసరా నాటి నుంచి ఓ వారం మాత్రం ఖిదిర్‌పూర్ ఘాట్‌లో డ్యూటీ వేసేవారు.

ఆ వారం ఊరు ఊరంతా తన దుర్గ బొమ్మల్ని మోసుకొచ్చి గంగలో దించేది. బొమ్మ అంటే లోపల వెదురు చట్రం, దాని మీద గడ్డి, గడ్డి మీద గంగ ఒండ్రు. ఒండ్రు కరిగాక మిగిలిన గడ్డి చట్రాన్ని ఇనుప కొక్కెంతో ఒడ్డుకి లాగి, లారీకెత్తాలి. అదీ పని.

నేను రేవు ఆఫీసులో గుమస్తాని. సముద్రం తోసుకొచ్చే నీళ్లతో నదికి పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని అచ్చయిన పట్టికలు నా బల్ల మీద ఉండేవి. ఏటా నవమి నాడు బైరాగి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. రేపు పోటు ఎన్ని గంటలకో చెప్పమనేవాడు. మొదటి ఏడు నాకు నవ్వొచ్చింది. సముద్రం ఒడ్డున పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా అన్నాను.

"మా సముద్రం మాట నాకు తెలుసును బాబూ. ఈ గంగమ్మది వేరే యవ్వారం. ఊరు మారితే మాట మార్సుద్ది" అన్నాడు.

ఎందుకు అడుగుతున్నాడో తర్వాత తెలిసింది. ఆ గ్యాంగులో ఉన్నవాళ్లంతా మన ఒడ్డు మనుషులే. వాళ్లలో వాళ్లకి ఒక పద్ధతి ఉండేది. బొమ్మ నీళ్లలోకి దిగాక ఒక పోటు దాని మీదుగా పోవాలి. నది ఎక్కి, నిలిచి, మళ్లీ దిగాలి. అంతవరకూ కొక్కెం తగిలించరు. ఈ పద్ధతి పెట్టింది బైరాగే అని మిగతావాళ్లు చెప్పేవారు, సగం మెచ్చుకోలుగా, సగం వెక్కిరింపుగా. పేరుకే బైరాగి, అమ్మోరితో వియ్యమందుకున్నాడు అనేవాళ్లు.

పనిలో చేరిన మొదటి ఏడు తెలీక తొందరపడి ఒక బొమ్మని లాగేశాడట. ఒళ్లంతా కరిగిపోయింది గానీ మొహం అలాగే ఉంది. కళ్లు తెరుచుకుని, పక్కకి తిరిగి, ఇతన్నే చూస్తోంది. సగం దారి నడిచిన మనిషిని జబ్బ పట్టుకుని వెనక్కి లాగినట్టయిందని నాతో చెప్పాడు. మూడు రోజులు అన్నం నోటికి పోలేదు. కళ్లున్న అమ్మవారిని ఈ జన్మలో మళ్లీ ఎత్తకూడదని ఆ రోజే అనుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఎత్తలేదు కూడా.

ఏకాదశి పొద్దున నేను ఘాట్‌కి వెళ్లేవాణ్ణి. అదొక అలవాటైపోయింది. పొగమంచు నీళ్లని వదిలీ వదలకుండా ఉండేది. రాత్రి పోటు వచ్చి వెళ్లి ఉంటుంది. మెట్ల కింద బురదలో గడ్డి దేహాలు వరసగా పడుకుని ఉండేవి, ఒక్కొక్కదానికి పదేసి చేతులతో, మొహాలు లేకుండా. నీళ్ల మీద కుంకుమ రంగు పొర ఒకటి ఎటూ పోలేక ఊగుతూ ఉండేది. బంతిపూలు ఒక పక్కకి చేరేవి. ఎక్కడో ఫెర్రీ కూత వేసేది గానీ ఫెర్రీ కనపడేది కాదు. ఆ మంచులో మోకాళ్ల లోతు నీళ్లలో బైరాగి నడుస్తుంటే, గడ్డి దేహాల్లో ఒకటి లేచి తిరుగుతున్నట్టు అనిపించేది. ఏది మనిషో ఏది బొమ్మో ఏది నదో విడదీసి చూడాలని అనిపించేది కాదు. ఆ కాసేపూ నేను చదివినవేవీ నాకు గుర్తుండేవి కావు.

పని అయ్యాక మెట్ల మీద కూర్చుని మట్టి ముంతల్లో టీ తాగేవాళ్లం. ఒకసారి నా చదువు ఊరుకోక చెప్పాను. దేవుడు వేరు, ఈ నేలా నీరూ చెట్టూ వేరు, కుమ్మరి వేరు కుండ వేరు అన్నట్టు, అని ఒక మాట ఉంది. కాదు, కుండా మట్టే, కుమ్మరీ మట్టే, ఉన్నదంతా ఆయనే అని ఇంకో మాట ఉంది. వేల ఏళ్లుగా పెద్దలు వాదించుకుంటున్నారు అన్నాను.

బైరాగి చాలాసేపు విన్నాడు. ముంత ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"బాగుంది బాబూ. మరా కుండ పగిలిపోతే పెంకులు ఎవులు ఏరతారని రాసినారు?"

జవాబు కోసం ఆగకుండా, మెట్ల మీది ఖాళీ ముంతలు ఏరడానికి లేచాడు.

ఇంకో ఏడు ఘాట్‌లో ఒక బెంగాలీ పురోహితుణ్ణి పట్టుకున్నాడు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. దశమి పొద్దున్నే నీళ్లపళ్లెంలో అద్దం పెట్టి, అందులో అమ్మ నీడ చూసి, మంత్రం చదివి పంపించేస్తాం. సాయంత్రం గంగలో పడేది ఉత్త మట్టి. నువ్వు నిశ్చింతగా లాగొచ్చు దాదా, అన్నాడు. బైరాగి ఆయనకి దండం పెట్టి నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"పొద్దున్నే ఎలిపోతే, సాయంత్రం ఆడోళ్లు అమ్మోరి నోట్లో మిఠాయి పెట్టి, సెంపలు తుడిసి, ఏడుత్తన్నారు. ఎవుల కోసం బాబూ ఏడుత్తన్నారు?"

మరి నువ్వేమనుకుంటున్నావని అడిగాను. అతను నీళ్లకేసి చూస్తూ మెల్లగా చెప్పాడు. మంత్రానికి కొంత వెళ్తుందేమో, ఏడుపుకి కొంత వెళ్తుందేమో. మిగతాది నది తీసుకుంటుంది. కుమ్మర్లు మళ్లీ ఈ ఒడ్డు ఒండ్రే తవ్వుకుపోతారు. ఈ ఏటి మొహం వచ్చే ఏడు పాదం అవుతుందో, సింహం జూలు అవుతుందో. తీసుకునే పని నదిది. నది చేతిలోంచి మనం లాక్కోకూడదు. అంతవరకే తనకి తెలుసు అన్నాడు.

రెండువేల మూడులో ఆర్డరు వచ్చింది. నది పాడైపోతోంది, బొమ్మల రంగుల్లో విషాలున్నాయి, దించినవాటిని దించినట్టే పైకి తీసెయ్యాలని. ఆర్డరులో తప్పేమీ లేదు. నీళ్లు తాగేది మనమే. ఓవర్సీరు నిమాయ్‌బాబు మంచివాడే, గ్యాంగుని కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు. అర్ధగంట కంటే ఏ బొమ్మా నీళ్లలో ఉండకూడదు అన్నాడు.

బైరాగి ఎర్రజెండా యూనియన్ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి కుర్చీలో ఉన్నాయన ఓవర్‌టైమ్ గురించో, గమ్‌బూట్ల గురించో అయితే రేపే ధర్నా పెడదాం అన్నాడట. అమ్మవారి కళ్ల విషయం మన డిమాండ్లలో లేదు దాదా అన్నాడట. ఇది నాకు చెప్పి బైరాగే నవ్వాడు.

నవమి నాడు ఎప్పటిలా ఆఫీసుకి వచ్చాడు. పట్టిక చూశాను. రేపు బొమ్మలు దించే వేళకి, సాయంత్రం అయిదింటికి, నది బాగా లోపలికి దిగిపోయి ఉంటుంది. పోటు రావాలంటే రాత్రి తొమ్మిది దాటాలి. చెప్పాను. తల ఊపాడు. మనసు ఒప్పక, సెలవు పెట్టెయ్యరాదా అన్నాను.

"నాను మానేత్తే ఇంకోడు లాగుతాడు బాబూ. ఆడికి తెలీదు" అన్నాడు.

దశమి సాయంత్రం, ఎండ ఇంకా మెట్ల మీద ఉంది. మొదట వచ్చింది ఒక పాత ఇంటివాళ్ల బొమ్మ. పెద్దదేం కాదు. డప్పులు కొట్టారు, ఏడుసార్లు తిప్పారు, మోకాళ్ల లోతు నీళ్లలో వెల్లకిలా పడుకోబెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. నదిలో కదలిక లేదు. బొమ్మ బురదలో ఒరిగి ఉండిపోయింది. నీళ్లు చెవుల దాకా వచ్చి ఆగాయి. మొహం పైకి ఉంది. పొడవాటి ఆ కళ్లు ఆకాశాన్ని చూస్తున్నాయి.

గ్యాంగువాళ్లు కొక్కేలు పట్టుకుని నిలబడి బైరాగి వంక చూశారు. ఒడ్డున నిమాయ్‌బాబు గడియారం చూసుకుంటున్నాడు. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు.

బైరాగి కొక్కెం మెట్టు మీద పెట్టి నీళ్లలోకి దిగాడు. బొమ్మ తల దగ్గర కూర్చున్నాడు. నీళ్లు అతని ఛాతీ దాకా వచ్చాయి. దోసిటితో నీళ్లు తీసుకుని నుదుటి మీద పోశాడు. మళ్లీ పోశాడు. తర్వాత అరచేత్తో నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టాడు, పసిపిల్లకి తలంటు పోసేటప్పుడు కంట్లో కుంకుడు పడకుండా ఒక చెయ్యి అడ్డం పెడతారే, అలాగ. బొట్టు పోయింది. ముక్కుపుడక చోటు పోయింది. పెదవులు పోయాయి. కళ్ల దగ్గర చాలాసేపు ఆగాడు. ఎవరూ తొందరపెట్టలేదు. నిమాయ్‌బాబు కూడా గడియారం చూడ్డం మానేశాడు. ఎండ నీళ్లలో పసుపుగా కరుగుతోంది, అతని వేళ్ల మధ్యనుంచి తెల్లటి రంగు పాలలా విడిపోయి, ఎటూ పోక, అతని చుట్టూనే తిరుగుతోంది.

నది చెయ్యాల్సిన పని అతను చేశాడు. చివరికి చేతుల కింద గడ్డి తేలింది. లేచి, చట్రాన్ని తనే ఒడ్డుకి లాగాడు. ఆ తర్వాత చీకటి పడేలోగా వచ్చిన నాలుగు బొమ్మలకీ అలాగే చేశాడు. గ్యాంగులో ఇంకొకళ్లని ముట్టుకోనివ్వలేదు.

అయిదోది లారీకెక్కాక మెట్లెక్కి వచ్చాడు. నేను పై మెట్టు మీదే ఉన్నాను. అంతసేపు గంగలో ఉండి కూడా చేతులు కడుక్కోలేదు. మోచేతుల దాకా ఒండ్రు, గోళ్లలో కుంకుమ. ఆ చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నడిచాడు. నిమాయ్‌బాబు బాగా చేశావు దాదా, ఇదే పద్ధతి అందరికీ నేర్పించు అన్నాడు. బైరాగి కొక్కెం తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"రేపట్నుంచి నన్ను కాలవల్లోకే పంపండి బాబూ. అక్కడ బురదకి మొకం ఉండదు."

నిమాయ్‌బాబు ఏదో అనబోయాడు. అప్పటికే బైరాగి నన్ను దాటుకుని, డప్పులతో వస్తున్న ఇంకో గుంపుకి దారి ఇచ్చి, గోడవారగా రోడ్డువైపు వెళ్లిపోతున్నాడు. నేను పేరు పెట్టి పిలిచాను. ఆగలేదు.