మామ మగ్గం గుంతలోకి వచ్చిన నీళ్ళు

నేను ధర్మవరానికి కోడలిగా వచ్చిన తొలి ఏళ్ళలో, అంటే పందొమ్మిది వందల యాభైల చివర్లో, మా ఇంట్లో వానంటే అందరికీ భయమే. అనంతపురం జిల్లాలో వానకు భయపడే ఇల్లు ఒకటుందంటే మా పుట్టింటివాళ్ళు నవ్వేవారు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని తొక్కుడు పలకలు తొక్కుతూ నేయాలి. ఇంటి లోపల, పెరటి వైపు గోడను ఆనుకునే ఆ గుంత ఉండేది. వాన గట్టిగా పడితే గోడ కింద నుంచి నీళ్ళు ఊరి గుంతలో మోకాటి దాకా నిలిచేవి. చెమ్మకు మగ్గానికి ఎక్కించిన పట్టు పడుగు పాడయ్యేది. నేత వారాల తరబడి ఆగిపోయేది.

ఆ గుంత మా మామది. పెళ్ళికి ముందు తన చేతులతో, తన కాళ్ళ కొలతకు తవ్వుకున్నాడు. రెండేళ్ళు వరుసగా నీళ్ళు వచ్చేసరికి నా మొగుడు తెగేసి చెప్పాడు. "ఈసారి గుంతలోకి నీళ్ళొస్తే మట్టిపోసి పూడ్చేస్తా నాయనా. ఇద్దరం పక్కవీధిలో కూలిమగ్గాలకు పోదాం."

"నువ్వు పో. ఇంకొకని గుంతలో నేను కాలు పెట్టను," అన్నాడు మామ. ఆ మాట తర్వాత ఆ పూట అన్నం తినలేదు. మొండితనంలో నేనూ ఆయనకు తీసిపోను కాబట్టి, ఆయన ఉత్తినే అనలేదని నాకు తెలిసింది. గుంత పోతే ఆ మనిషి నేతే మానేస్తాడు.

మా అన్న పెనుకొండ దగ్గర మెట్టసేద్యం చేసేవాడు. ఎండాకాలంలో నన్ను చూడవచ్చి, పెరట్లో గడ్డపార వేశాడు. అది ఠంగుమని ఎగిరింది. పెళ్ళ ఒకటి పెరికి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"చౌడు పట్టిండాది. ఈడ సోడా నీళ్ళు పోసేదెవరు?"

నేను మామ వైపు చూడలేదు. పట్టుకు జిగురు పోవాలంటే సబ్బూ సోడా వేసి ఉడకబెట్టాలి. ఆ నీళ్ళు వీధిలో పోస్తే నలుగురూ తొక్కుతారని, పట్టు తాకిన నీటిని తొక్కించకూడదని, ముప్పై ఏళ్ళుగా ఆయన గోడవారనే పోస్తూ వచ్చాడు. భక్తితో చేసిన పనే. ఆ భక్తికి మన్ను బిగుసుకుపోయి చుక్క నీరు పీల్చడం మానేసింది.

"మగ్గం తొక్కడం చాతగాక సేద్యానికి మడక పట్టినోడు, నాకు చెప్పొచ్చినాడు," అని మామ ఒంటికాలి మీద లేచాడు.

అన్న ఆయన జోలికి పోకుండా నా వైపు తిరిగాడు. "నువ్వేం తక్కువ దానివి కాదులేమ్మీ. దినామూ ఇంటికాడి నుంచి ఆ కొసకు ఊడుస్తాండావు. మన్నంతా ఆడ చేరి మిట్టయింది, గోడవార పల్లమయింది. వాన నీళ్ళు యాడికి పోతాయి?" నాకు తల కొట్టేసినట్టయింది. ఊరంతా మెచ్చుకున్న నా శుభ్రం అది. మా అత్త, ఆమె అత్త కూడా అలాగే ఊడ్చారట.

అన్న చెప్పిన పనులు మొదలుపెట్టాం. కొసన ఉన్న మన్ను తట్టలతో మోసి గోడవార ఎత్తు చేశాం. పెరటి మధ్య నుంచి వీధి కాలువ దాకా వాలుగా ఒక చిన్న కాలువ తీసి అడుగున గులకరాళ్ళు పరిచాం. అవతలి మూల ఎరువు గుంత తవ్వి పేడ, వేపాకు, శెనక్కాయ పొట్టు, కూరగాయల తొక్కులు పొరలు పొరలుగా వేసి, బియ్యం కడిగిన నీళ్ళు పోసేదాన్ని. పట్టు ఉడికిన నీళ్ళు నేనే వీధి కాలువలో పోశాను. మామ చూసి మొహం తిప్పుకున్నాడు.

అతితెలివికి పోయి మగ్గం కింద ఊడ్చిన పట్టు పోగులు కూడా ఎరువులో వేశాను. నాలుగు నెలలకు పార పెడితే మిగతాదంతా నల్లగా మాగి గుల్లయింది గానీ, పోగులు మాత్రం మెరుస్తూ పారకు చుట్టుకున్నాయి. మామ ఆ ఏడాదిలో మొదటిసారి నవ్వాడు. "మా పట్టు అంత సులభంగా చస్తుందా అమ్మీ?" అంటూ కూర్చుని ఒక్కొక్క పోగూ ఏరి ఇచ్చాడు. ఆ ఎరువునూ చిత్రావతి ఏటి ఇసుకనూ కలిపి పెరడంతా తిరగదవ్వాం. మామ కూడా పార పట్టాడు. ఎందుకని నేను అడగలేదు, అడిగితే పడేసి పోతాడు.

హస్త కార్తెలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. మామ మగ్గం మీద ఉన్నాడు. పడుగు తడుస్తుంది, లేచి రమ్మని నా మొగుడు అరిచాడు. "లెయ్యను," అన్నాడాయన. వాన జోరు పెరిగే కొద్దీ ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. నేను గడపలో నిలబడి ఒకసారి పెరడూ, ఒకసారి ఆయన మొహమూ చూస్తూ ఉన్నాను. కాలువలో నీళ్ళు ఎర్రగా పరిగెత్తుతున్నాయి. తవ్విన చోట నేల గుటకలు వేస్తున్నట్టు తాగుతోంది. అయినా నాకు నమ్మకం లేదు. గుంతలోకి తొంగి చూసే ధైర్యం అసలే లేదు.

వాన వెలిసింది. మామ మగ్గం ఆపి, రెండు కాళ్ళూ పైకి తీసి నా వైపు చాపాడు. అరికాళ్ళు పొడిగా, తెల్లగా ఉన్నాయి.

"దుమ్ము అమ్మీ," అన్నాడు. తర్వాత తల దించుకుని, "నేనే పోసినా కదా ఆ నీళ్ళు ఇన్నేండ్లూ," అన్నాడు.

ఆయన నోట ఆ మాట రావాలని నెలల తరబడి కాచుకున్నాను. వచ్చాక, "నేనూ ఊడ్చినా కదా మామా," అని మాత్రం అనగలిగాను. అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది, సంతోషంతోనే. నా మొగుడు గుంతలోకి వంగి, అడుగున చెయ్యి పెట్టి చూసి, తండ్రికి పట్టు చుట్టిన కండె అందించాడు. మామ కాళ్ళు మళ్ళీ తన గుంతలోకి దించుకున్నాడు.